ఆమె మోచేతి ఎత్తు రాతబల్ల

ఆ కర్ర ఇంకా నా దగ్గరే ఉంది. మూరన్నర పొడుగు. దాని మీద అంకెలేమీ లేవు, చాకుతో పెట్టిన గాటు ఒకటి మాత్రం ఉంది. నా భార్య కుర్చీలో కూర్చుని రాస్తున్నట్టు చెయ్యి వంచితే, నేల నుంచి ఆమె మోచెయ్యి ఉండే ఎత్తు ఆ గాటు.

ముప్పై ఏళ్లకు పైగా నేను మూఢాచారాల మీద వ్యాసాలు రాశాను, వేదికలెక్కి వాదించాను. ఆడవాళ్లకు చదువు కావాలని, ఆస్తిలో వాటా కావాలని, తమదంటూ ఒక గది కావాలని మైకు ముందు గొంతు చించుకున్నాను. ఇంట్లో మేమిద్దరం ఒకరినొకరు 'నువ్వు' అనుకునేవాళ్లం. పెళ్లినాడే పెట్టుకున్న నియమం అది. దానికి మా అత్తగారు నెలరోజులు మాతో మాట్లాడలేదు. ఇన్ని చేసినవాణ్ణి, నా భార్యకు రాసుకోవడానికి బల్ల లేదన్న సంగతి గమనించలేదు. నాకు మాత్రం బల్ల ఉంది, దాని మీద దీపం ఉంది. ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడి రాసేది. అక్కడ ఆమె రాసినవి నా వ్యాసాలే. నా కోడిగీతల రాత పత్రికలవాళ్లకు అర్థం కాదు కనక, బడిలో లెక్కలు చెప్పి వచ్చి సాయంత్రం కుక్కర్ కూతల మధ్య నా చిత్తుప్రతులకు శుద్ధప్రతులు తీసేది.

ఆమె ఉద్యోగ విరమణ చేసిన ఏడు, కడుపులో గడ్డ బయటపడింది. అప్పటికే కాలేయానికి పాకింది. ఎంత కాలం అని అడిగితే డాక్టరమ్మ నెలల్లో చెప్పింది. ఆసుపత్రి నుంచి మెట్రోలో వచ్చాం. రాయదుర్గం చివరి స్టేషను, అందరూ దిగిపోయారు. మేము కూర్చునే ఉన్నాం.

"నాకొక బల్ల కావాలోయ్" అంది. "రాసుకోవాలి. నాది."

మర్నాడే వెళ్లి పెద్ద దుకాణంలో తెల్లటి రెడీమేడ్ బల్ల కొనుక్కొచ్చాను. అది ఆమెకు మరీ ఎత్తయింది. ఆమె పొట్టి మనిషి. మోచేతులు రెక్కల్లా పైకి లేచి, పది నిమిషాలకే భుజాలు నొప్పెట్టాయి. కాళ్లు కోసి పొట్టి చేద్దామని సెల్లార్‌లోకి దింపి రంపం పెట్టాను. రెండో కాలికే అది పేలపిండిలా రాలిపోయింది. ఆ ముక్కలు మోసుకెళ్లి వీధి చివర చెత్తలో పడేస్తుంటే, ఎదురుగా ఉన్న ఆఫీసు టవర్ వెనక గేటు దగ్గర కూర్చున్న సెక్యూరిటీ ఆయన నవ్వాడు.

"గది కట్టె గాదు సార్, పొట్టు. పొట్టుకు బంక వెట్టి బల్ల అని అమ్ముతున్నరు. దానికి రంపం వెడితే ఏడ్వదా మల్ల?"

"మీకు వడ్రంగం తెలుసా?"

"నాకు గదొక్కటే తెలుసు సార్" అన్నాడు, తన నీలం చొక్కా మీది కంపెనీ బిళ్ల సర్దుకుంటూ. "ఇది తెల్వక చేస్తున్న."

అరవై దాటిన మనిషి. ఆ టవర్ నిలబడిన చోట ఒకప్పుడు జొన్నచేలు ఉండేవట. ఆ చేలకు నాగళ్లు, బళ్లు చేసిన ఇల్లు వాళ్లది. చేలు పోయాక నాగళ్లు పోయాయి. తలుపులూ కిటికీలూ కూడా ఫ్యాక్టరీ నుంచి వస్తుండేసరికి ఆయన గేటు దగ్గర కుర్చీలోకి చేరాడు. పనిముట్లు మాత్రం ఒక్కటీ అమ్మలేదు. గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు.

డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. మూడింటికి మా ఇంటికి వచ్చాడు. టేపు తేలేదు, ఒక కర్ర తెచ్చాడు.

"అమ్మా, రాస్తున్నట్టు కూసోండ్రి. గట్ల గాదు, ఫొటో దిగుతున్నట్టు కూసున్నరు. జర ఒంగుండ్రి. ఆఁ, గట్ల."

మోకాలి మీద కూర్చుని కర్ర నిలబెట్టి, ఆమె మోచేతి కింద చాకుతో గాటు పెట్టాడు.

"ఎన్ని అంగుళాలు అన్నగారూ?" అని నా భార్య అడిగింది.

"అంగులాలు దుకాణపోళ్లకమ్మా. ఇది మీ చెయ్యి."

యంత్రాలు వాడే వీలు లేదు. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది ఇళ్ల నుంచే ఆఫీసు పని చేస్తారు. ఎవరో ఒకరు ఎప్పుడూ కాల్‌లో ఉంటారు. డ్రిల్లు మోగితే చాలు, సెక్రటరీ వాట్సాప్‌లో ఎర్ర అక్షరాలు పెడతాడు. ఆ పెద్దాయనకు యంత్రాలతో అవసరమూ లేదు. వీధిలో ఒక పాత పెంకుటిల్లు కూల్చి హాస్టల్ కడుతుంటే, ఆ ఇంటి టేకు దూలాలు రెండు అడిగి తెచ్చుకున్నాం. సెల్లార్‌లో నా స్కూటర్ జరిపి ఆ చోట పని మొదలుపెట్టాం. ఆయనకు రెండో మనిషి కావాలి, ఆ మనిషిని నేను. చేతికి పెన్ను తప్ప ఏదైనా బరువనిపించే నేను, దూలానికి ఒక పక్క రంపం పట్టుకుని నిలబడ్డాను.

"గుంజుండ్రి సార్, నూకకుండ్రి. నూకేటిది నా పని. ఇద్దరం నూకితే కట్టె ఎవలి మాట ఇంటది?"

పైన నల్లగా, పొగచూరిన తోలులా ఉన్న దూలం చిత్రిక పట్టేసరికి లోపల తేనెరంగు తేలింది. వాసన మూడో అంతస్తులో మా ఇంటి దాకా వెళ్లింది. ఆ రోజు ఆమె ఫోన్ చేసి, "ఏం వండుతున్నారోయ్ కింద?" అంది. చిత్రిక నుంచి రాలిన చుట్టలు గుప్పెడు తీసుకెళ్లి ఇస్తే దిండు పక్కన పెట్టుకుంది.

మేకు ఒక్కటీ వెయ్యనన్నాడాయన. ఒక కర్ర చివర నాలుకలా చెక్కాలి, ఎదుటి కర్రలో ఆ నాలుక పట్టేంత బెజ్జం తొలవాలి. రెండూ కలిశాక, అడ్డంగా చిన్న రంధ్రం చేసి కొయ్య సీల దిగ్గొట్టాలి. "ఇనుప మేకు తుప్పు వడ్తది సార్. కట్టెకు కట్టెనే తోడు." కాళ్లకూ అడ్డపట్టీలకూ కలిపి ఎనిమిది బెజ్జాలు. నేను పాడుచేస్తానని తెలిసి, నాతో ముందు ఒక వృథా ముక్క మీద రెండు తొలిపించాడు. గీత మీద ఉలి పెట్టకూడదు, గీతకు ఇవతల పెట్టి చివర్లో గీతకు చేరాలి. ఎన్నిసార్లు చెప్పినా నేను గీత మీదే పెట్టేవాణ్ణి.

"సార్‌కు జల్దీ ఎక్కువ" అని ఆమెకు ఫిర్యాదు చేశాడు.

"ముప్పై ఏళ్లుగా చెప్తున్నానన్నగారూ. చెవికెక్కితే కదా."

ఒక మధ్యాహ్నం ఆయన రాలేదు. మర్నాడు అడిగితే, అమావాస్య అన్నాడు. అమావాస్యకు వాళ్లు ఉలి పట్టరు, తాతల నాటి కట్టుబాటు. నాలో ఉపన్యాసకుడు లేచి కూర్చున్నాడు. ఎదుట మైకు ఉన్నట్టే మొదలుపెట్టాను. భూమి ఎక్కడుంది, సూర్యుడెక్కడున్నాడు, చంద్రుడి వెలుగు పడ్డ వైపు మనకెందుకు కనబడదు. రంపపు పొట్టులో వేలితో మూడు గుండ్రాలు గీసి చూపించాను. ఆయన ఓపిగ్గా చూశాడు.

"సందమామ ఏడ వోయిండో నాకేం ఫికర్ లేదు సార్. మా నాయిన..."

"మీ నాయన చేశాడని మీరు చేస్తారా? అదే కదా నేను అడిగేది! నిన్న గేటు దగ్గర డ్యూటీ చేశారా లేదా?"

"చేసిన."

"మరి గేటుకు లేని అమావాస్య ఉలికెందుకు?"

ఆయన కాసేపు ఉలి అంచు బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. "గేటు నాది గాదు సార్. ఉలి నాది" అన్నాడు. మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ జవాబులో తర్కం లేదని తేల్చేసి, పైకెళ్లి నా భార్యకు అంతా చెప్పాను.

"గెలిచావా?"

"గెలిచినట్టే."

"అందుకే రెండో వాయి వడ్డించుకుంటున్నావు. గెలిచిన రోజు నీకు ఆకలెక్కువ." గ్లాసులో జావ తిప్పింది. "వాళ్ల నాన్న ఏమిటట?"

"ఏముంటుంది? నాన్న, తాత, ముత్తాత."

"నువ్వు అడగలేదన్నమాట." తర్వాత నవ్వి, "నాకైతే నిన్నటి అమావాస్య బాగుంది. పగలంతా పైనే ఉన్నావు. నెలకు రెండుంటే ఎంత బాగుండును" అంది.

నిజమే, ముందు రోజు పని లేక పైనే ఉన్నాను. ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీశాం. ఆమె పాత విద్యార్థుల గురించి చెప్పింది, నేను విన్నాను. అంతే. ఆ రోజు నాకు వృథా అయిన రోజుగా తోచింది.

తర్వాతి నెల ఆమె బాగా చిక్కిపోయింది. పెన్ను పట్టుకుంటే వేళ్లు వణికేవి. బల్లకు పైచెక్క సిద్ధమైంది. ఆరు బెజ్జాలయ్యాయి, రెండు మిగిలాయి. సరిగ్గా అప్పుడు మళ్లీ అమావాస్య వచ్చింది. ముందురోజు నేను ఆయన్ని బతిమాలలేదు, నిలదీశాను. ఆమెకు రోజుల్లేవు, మీ పంచాంగం కోసం ఆమె ఆగాలా అన్నాను. ఒక మనిషి చావును వాదంలో అస్త్రంగా వాడాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"అమ్మ కోసమైతే పానం ఇడుస్త సార్. ఎల్లుండి గేటుకు సెలవు వెట్టి పొద్దుగాల్నే వస్త, ఒక్కపూటల రెండూ చేస్త. రేపు మాత్రం నా చెయ్యి వడదు." సంచిలోంచి ఉలి తీసి నా చేతిలో పెట్టాడు. "మీకు పట్టింపు లేదు గదా. మీరు చేస్కోండ్రి."

ఒక్క రోజు. ఎల్లుండి దాకా ఆగితే సరిపోయేది. ఆగితే అమావాస్యకు తలవంచినట్టవుతుందని నాకనిపించింది. ఆమె కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోలేను.

అమావాస్యనాడు పొద్దున్నే సెల్లార్‌లోకి దిగాను. పైన మా వదినగారు, అంటే నా భార్య అక్కగారు, తోడుగా ఉన్నారు. పదకొండింటికి ఫోన్ మోగింది.

"పైకి వస్తావా?" గొంతు చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. "ఇవాళ తల తేలిగ్గా ఉంది. నొప్పి కూడా లేదు. నేను చెప్తాను, నువ్వు రాసుకో. ఒక్కసారి నాకు నువ్వు శుద్ధప్రతి తియ్యి."

"ఏం రాయిస్తావు?"

"నీ వ్యాసాల్లోంచి నేను కొట్టేసిన మాటల గురించి." నవ్వింది. వేళాకోళమనుకున్నాను.

"ఈ బెజ్జం ఒక్కటి అయిపోనీ. ఇవాళే చెయ్యాలి."

"ఇవాళే ఏమిటి?"

"అమావాస్య కదా."

ఫోన్‌లో ఫ్యాను చప్పుడు వినిపించింది. తర్వాత, "సరేనోయ్ వక్తగారూ, ముందు చంద్రుణ్ణి ఓడించిరా" అని పెట్టేసింది.

బెజ్జం ఒక్కటి కాదు, రెండూ చేశాను. తిండికి కూడా వెళ్లలేదు. సాయంత్రం ఐదయింది. చేతుల నిండా పొక్కులతో, ఒళ్లంతా పొట్టుతో, గొప్ప పని చేసినవాడిలా పైకెళ్లాను. ఆమె నిద్రపోతోంది. మంచం పక్క స్టూలు మీద నోట్‌బుక్కు తెరిచి ఉంది. దాని మీద నా పెన్ను, మూత తీసి సిద్ధంగా పెట్టి ఉంది. మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చునే ఎదురుచూసిందని వదినగారు చెప్పారు. లేపవద్దనుకున్నాను. రేపు రాసుకుందామనుకున్నాను.

తెల్లవారేసరికి జ్వరం. మధ్యాహ్నానికి మాట తడబడింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. ఒకటి రెండుసార్లు కళ్లు తెరిచింది కానీ, ఆ కళ్లలో నేను లేను. నేను నోట్‌బుక్కు పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో అందులోకి ఎక్కినవి నర్సులు చెప్పిన మందుల పేర్లే. పదోనాడు పోయింది. తను రాసిచ్చినట్టే శరీరాన్ని వైద్య కళాశాలకు ఇచ్చాం. కర్మకాండలేవీ చెయ్యలేదు.

వదినగారు వెళ్లిపోతూ గుమ్మంలో ఆగారు. "అమావాస్యనాడు ఇనుము పట్టద్దని ఆ వడ్రంగాయన చెప్పాడట కదయ్యా. విన్నావా?"

జవాబు నా దగ్గర ఉంది. జ్వరం రక్తంలో చేరిన సూక్ష్మజీవుల వల్ల వచ్చింది. వాటికి తిథులు తెలియవు. ఆ మాట అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. చంద్రుడు మాకేమీ చెయ్యలేదు. ఆమె నన్ను పిలిచింది, నేను వెళ్లలేదు. ఈ రెండో మాట వదినగారికి చెప్పలేకపోయాను. ఆవిడ ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

వారం తర్వాత పెద్దాయన వచ్చాడు. సెల్లార్‌లో నేను తొలిచిన బెజ్జాలు చూశాడు. ఒకటి ఫర్వాలేదట. రెండోదానిలో నాలుక పెడితే లొడలొడలాడింది. గీత మీదే ఉలి పెట్టాను మళ్లీ.

"అమావాస్యకు మీ నాన్న ఏం చేసేవారు?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు అంత కాలం పట్టింది.

ఆయన పొట్టులో గొంతుక్కూర్చున్నాడు.

"ఏం జేస్తడు సార్, ఇంట్ల ఉండెటోడు. మా నాయినకు ఐతారం లేకుండె, పండుగ లేకుండె. దసరనాడు గూడ ఇరిగిన నాగలి తెచ్చి ముంగట వడేసెటోళ్లు. నెలకు గా ఒక్క దినం సంచి ముడి ఇప్పకపొయ్యేది. మా అమ్మకు తలంటు వోసెటోడు, ఆమె తల దువ్వుతుంటె సూస్కుంట కూసునెటోడు. పెండ్లాంతోని కూసుంట, ఇయ్యాల రాను అంటె పటేండ్లు ఊకుంటరా సార్? తంతరు. అమావాస్య అంటె ఊకుంటరు." పొట్టు గుప్పిట్లోకి తీసుకుని, "గదే చెప్తమనుకున్న సార్ ఆ రోజు. మీరు సూర్యుని బొమ్మ గీస్తుండిరి" అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. స్కూటర్ సీటు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. టేకు ముక్కలోంచి సన్నటి చీలిక తీసి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.

"దాన్ని అలాగే వదిలెయ్యండి" అన్నాను. "వదులుగానే ఉండనివ్వండి. అది నా తప్పు."

"తప్పు మీదైతది గానీ బల్ల నాది సార్. ఊగే బల్ల ఇచ్చి నేను యాడ మొకం వెట్టుకోవాలె?" అని చీలికను నాలుక పక్కన పెట్టి, కొయ్య సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. కాలు గట్టిగా నిలబడింది. ఆ చీలిక మిగతా కర్ర కంటే ఒక ఛాయ తెలుపు.

బల్ల పైకి చేర్చాక, నేను కూర్చుంటే మోకాళ్లు తగిలాయి. "కాళ్లకు కింద ముక్కలు అతుకుదమా సార్? మీ ఎత్తుకు తెస్త" అన్నాడు. వద్దన్నాను.

నా కాగితాలు దాని మీద సర్దుదామని అటక మీది పెట్టె దించాను. నా చిత్తుప్రతులు పారెయ్యకుండా, ఒక్కో దాన్నీ శుద్ధప్రతి నకలుతో కలిపి దారంతో కుట్టి దాచింది. అచ్చయిన నా వ్యాసాన్ని నేను మళ్లీ చదివే అలవాటు లేదు. ఆ రోజు మొదటిసారి రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చదివాను. నా చిత్తులో 'మూఢులు' అని ఉన్నచోట, ఆమె ప్రతిలో 'వీరు' అని ఉంది. 'సిగ్గుమాలిన' అన్న మాట ఎక్కడా మిగల్లేదు. ఉపవాసాల మీద నేను నిప్పులు చెరిగిన వ్యాసంలో, నేను రాయని వాక్యం ఒకటి ఉంది: 'ఉపవాసం పేరు చెప్పి ఆ ఒక్కపూట పొయ్యి ముందు నిలబడే పని తప్పించుకునే ఆడవాళ్లు నాకు తెలుసు.' ఆ వాక్యానికి ఒక పాఠకురాలు నాకు ఉత్తరం రాసింది. మగవాడై ఉండీ ఇంత తెలుసుకున్నారు అని. ఆ ఉత్తరాన్ని నేను సభల్లో చదివి వినిపించాను.

ఇలాంటివి పెట్టె నిండా ఉన్నాయి. ఏ మాట ఎందుకు కొట్టేసింది, ఏ వాక్యం ఎక్కడి నుంచి తెచ్చింది, నేను కనిపెడతానని ఎన్నేళ్లు ఎదురుచూసింది, ఇవన్నీ ఆమె చెప్పాలనుకున్న రోజు నేను కింద ఉన్నాను.

మొన్నటి అమావాస్యకు గడప దాటలేదు. ఏ పనీ పెట్టుకోలేదు. చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీశాను. ఒక్కడికి అన్ని కాయలు అక్కర్లేదు. సాయంత్రం ఈ బల్ల దగ్గర కూర్చుని ఇది మొదలుపెట్టాను. మోకాళ్లు తగులుతున్నాయి, నడుం వంగిపోతోంది. వదినగారి గురించి రాసినచోట ముందు ఒక కటువైన మాట పడింది. ఆ మాటను చాలాసేపు చూశాను. ఆమె అయితే ఉంచేదా, కొట్టేసేదా? చివరికి నేనే కొట్టేశాను. సరిగానే కొట్టేశానో లేదో నాకు తెలియదు.